మంగ్లు మొక్కిన రాయి

మంగ్లు చిన్నమ్మి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. ఊళ్లో మిగతా ఇళ్లన్నీ అయ్యాయి. ప్రతి గుమ్మంలోనూ వంగి దండం పెట్టాడు. ప్రతి ఇంటివాళ్లూ అతని దోసిట్లో నీళ్లు పోశారు. ఈ ఒక్క ఇంటి నీళ్లు కూడా తాగితే అతని వెలి తీరిపోతుంది.

వెనక ఊరంతా నిలబడి ఉంది. ఊరికి పెద్ద, నాయుడు సోంబరు ముందుకొచ్చాడు.

"చిన్నమ్మీ, బయటికి రా. అందరం ఒప్పుకున్నాం. నీ మాటే మిగిలింది."

లోపల చిన్నమ్మి ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ ఈ పిలుపు ఎప్పుడొస్తుందా అని బిక్కుబిక్కుమంటూనే ఉంది. ఆనపబుర్ర నిండా నీళ్లు ముంచుకుని బయటికొచ్చింది గానీ మంగ్లు మొహం చూడలేకపోయింది. పితూరీ అణిగినప్పటి నుంచీ అంతే. సంత దారిలో అతను ఎదురైతే తుప్పల్లోకి తప్పుకునేది. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఆ మొహం ఎలా చూడగలదు అని ఊళ్లోవాళ్లు జాలిపడేవారు.

గూడెం కొండల్లో తెల్లదొరల మీద పితూరీ రేగిన రోజుల్లో కొందరు పితూరీవాళ్లు పారిపోయి వచ్చి, ఈ ఊరి పైనున్న గుహలో తలదాచుకున్నారు. ఊరు వంతులేసుకుని వాళ్లకు చోడి అంబలి మోసింది. అప్పుడే సంతకు వెళ్లిన మంగ్లును పోలీసులు పట్టుకుపోయారు. ఆ మర్నాడు తెల్లారేసరికి సిపాయిలు కొండ మీద ఉన్నారు. గుహలోవాళ్లను కాల్చేశారు. దిగి వచ్చి ఇళ్లు తగలబెట్టారు. వాళ్లు పోయాక జనం పైకెళ్లి చూస్తే, గుహ ముందు చిన్నమ్మి మొగుడు బుద్రు కూడా తుపాకి దెబ్బ తిని పడి ఉన్నాడు. సిపాయిలకు అడ్డం వెళ్లి ప్రాణమిచ్చాడని ఊరు అతని పేర రాయి నిలబెట్టింది.

మంగ్లు మాత్రం కొన్నాళ్లకు కుంటుకుంటూ బతికి తిరిగొచ్చాడు. ఊరు అతన్నేమీ అడగలేదు. అతని ఇంటికి నిప్పు ఇవ్వలేదు, ఊటనీళ్లు ముట్టనివ్వలేదు. పెళ్లాం జ్వరంతో పోతే శవాన్ని ఒక్కడే భుజాన వేసుకుని పోయాడు. ఆ రోజు చిన్నమ్మి తలుపు వేసుకుని ముద్ద ముట్టలేదు.

"వదినా," అన్నాడు మంగ్లు తల వంచుకుని. "నానేటి సెప్పానో నాకు తెల్దు. తలకిందులుగా ఏలాడదీసి కొట్టారు. తెలివి తప్పిపోనాది. తెలివి లేనప్పుడు సెప్పేసుంటాను. ఊరంతా అదే అంటంది గదా, సెప్పే ఉంటాను."

"ఊరుకో మంగ్లూ. నీల్లు తాగు."

"సెప్పనీ వదినా. నా ఇంటికి వెదురు గెడలు మోసుకొచ్చి కప్పేసినోడు బుద్రన్న. అలాటోడు నా నోటి మూలంగా పోనాడు. నా కోసం అడగటం లేదు. గుంటకి పెల్లీడొచ్చింది. ఎలేసినోడి కూతురని ఎవుడూ సేసుకోడంట. దాని కోసం నన్నొగ్గెయ్యండి."

చిన్నమ్మి ఆనపబుర్ర వంచి నీళ్లు పోయబోయింది. కొడుకు గాసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అలా కుదర్దు. ముందు మా అయ్య రాయికాడికెళ్లి మొక్కాల. తరవాతే నీల్లు."

"వద్దురా." తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు.

"ఏటి, ఎందుకొద్దు?"

"ఆ మనిసి శానా పడ్డాడు. ఇంకొద్దు."

"మరి అయ్య పడింది?"

ఆమె సోంబరు వైపు చూసింది. బుద్రు కొడుకని మురిసిపోయి సోంబరు తన కూతుర్ని గాసికి ఇస్తానన్నాడు. కోతలవగానే పెళ్లి.

"గాసి సెప్పింది నాయమే," అన్నాడు సోంబరు. "రా మంగ్లూ."

రాయి ఊరి చివర ఉంది. కొత్త పంట చేతికొచ్చిన ప్రతిసారీ మొదటి గింజలు దానికే పెడతారు. మంగ్లు కుంటుకుంటూ వెళ్లి దాని ముందు బోర్లా పడ్డాడు. నుదురు రాతికి ఆనించాడు.

"అన్నా, తప్పయిపోనాది. నన్నొగ్గెయ్యి అన్నా."

చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. చూస్తున్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. చివరికి గాసి మనసు కూడా కరిగింది. వంగి మంగ్లును భుజాలు పట్టి లేవదీశాడు. చిన్నమ్మి రాయి వైపు వీపు తిప్పుకుంది. పక్కనున్న తవిటమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఓర్సుకో అప్పా, ఇయ్యాలితో పగ తీరిపోనాది," అంది తవిటమ్మ.

మంగ్లు దోసిలి పట్టాడు. చిన్నమ్మి వెంట తెచ్చిన ఆనపబుర్రలోంచి నీళ్లు పోసింది. అతను కళ్లు మూసుకుని తాగాడు.

"నీది పెద్ద మనసు వదినా."

"మంగ్లూ..."

"ఏటి వదినా?"

అందరూ ఆమె వైపు తిరిగారు. తండ్రి రాతి మీద చెయ్యి వేసి గాసి నిలబడి ఉన్నాడు. సోంబరు అతని వీపు నిమురుతున్నాడు. ఆమె ఆనపబుర్ర మళ్లీ ఎత్తింది.

"ఏటీ లేదు. మరి కాసిని తాగు."

డప్పు మొదలైంది. జనం మంగ్లును మధ్యలో పెట్టుకుని విందుకు కదిలారు. చిన్నమ్మి అక్కడే ఉండిపోయింది. సిపాయిలు వచ్చిన ఆ తెల్లారగట్ల కట్టెల కోసం కొండెక్కింది ఆమె ఒక్కతే. తుప్పల చాటు నుంచి అంతా చూసింది.

సిపాయిల ముందు నడుస్తూ గుహ చూపించినవాడు బుద్రు.