విప్పని అట్టలు

అత్తగారి మంచం పక్క బల్ల మీదుండాల్సిన మాత్రల అట్టలు రెండు మాయమయ్యాయి.

కోడలు మంచం కిందకి వంగి చూసింది. లేవు.

"అత్తయ్యా, ఇక్కడి మందులేవి?"

"సంచీ అన్నయ్య పట్టుకెళ్ళాడే."

"ఏ అన్నయ్య? ఆస్పత్రిలో కూడా చుట్టరికాలు కలిపేశారా?"

"నువ్వు కింద మందుల క్యూలో ఉన్నప్పుడు వస్తాడు. డాక్టరు ఆపేసిన మందులున్నాయా చెల్లెమ్మా అని అడుగుతాడు. ఆపేసినవి మనకెందుకని ఇచ్చేస్తున్నాను."

"రోజూనా?"

"రోజూనే. మర్యాదస్తుడు."

ఆ వార్డులో పొద్దున రాసిన మందు సాయంత్రానికి మారిపోతుంది. పాతది అట్ట విప్పకుండానే మిగిలిపోతుంది. అలా మిగిలిన ప్రతి అట్టా కోడలు నడుం విరిగేలా బట్టలు కుట్టి కొన్నదే. బిల్లు ఇంకాస్త పెరిగితే కుట్టుమిషనే అమ్ముకోవాలి. అది పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

మర్నాడు క్యూకి వెళ్తున్నట్టు వెళ్ళి తలుపు చాటున నిలబడింది.

వచ్చాడు. బక్కపలచటి పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, భుజాన గుడ్డసంచీ. మంచం మంచం దగ్గరా ఆగాడు. ఇచ్చిన అట్టలు తీసుకుని, మంచానికి వేలాడే కాగితంలోంచి నంబరు చూసి, అట్ట వెనక రాసుకున్నాడు.

దొంగకి ఇంత రాతకోతలెందుకో ఆమెకి అంతుబట్టలేదు.

వెనకే మెట్లు దిగింది. ఆయన మందుల షాపు కిటికీలో అట్టలు పెట్టాడు.

"మళ్ళీ దాపురించావా పెద్దాయనా?" అంటూ షాపువాడు మొహం మాడ్చుకుని కొన్ని చీటీలిచ్చాడు.

డబ్బు చేతులు మారలేదు. నెలాఖరుకి వాటాలు పంచుకుంటారు కాబోలనుకుంది. తిన్నగా వెళ్ళి కొత్తగా చేరిన వాచ్‌మన్‌ని పిలుచుకొచ్చింది.

వాచ్‌మన్ ఆయన జబ్బ పట్టుకున్నాడు. "నడు తాతా. మళ్ళీ గేటు లోపల కనబడ్డావంటే ఊరుకోను."

పెద్దాయన ఆమె వైపు తిరిగాడు.

"మిగిలినవి రెండు రోజుల్లో ఈ కిటికీలో ఇచ్చెయ్యమ్మా. ఆలస్యం చెయ్యకు."

"దొరికిపోయాక అందరూ పెద్దమనుషులే" అంది ఆమె.

ఆ రోజు నుంచి మిగిలిన ప్రతి అట్టనీ తన సంచీలో వేసి, తల కింద పెట్టుకుని పడుకుంది.

"నీ మందులు భద్రంగానే ఉన్నాయి గానీ, నాకే మాటలు చెప్పే మనిషి లేకుండా పోయాడు" అని అత్తగారు సణిగింది.

వారం తర్వాత ఇంటికి పంపించేస్తామన్నారు. బిల్లు కౌంటర్లో గుమాస్తా కాగితం ముందుకు తోశాడు. కింద ఎర్రసిరాతో పెద్ద మొత్తమే కొట్టేసి ఉంది.

"ఇదేంటండీ?"

"మీ నంబరు మీద వెనక్కొచ్చిన మందుల తాలూకు తగ్గింపమ్మా. పెద్దాయన వేయించాడు. వారం నుంచీ ఏమీ రాలేదేం?"

ఆమె గబగబా సంచీ బోర్లించింది. గుమాస్తా అట్టలు తిప్పి తిప్పి చూశాడు.

"ఇదొక్కటే తీసుకుంటారు. మిగతావాటికి వెనక్కిచ్చే రెండు రోజుల గడువు దాటిపోయింది. అన్నీ టైముకిచ్చి ఉంటే మీరు కట్టాల్సింది దాదాపు తీరిపోయేది."

ఆమె పక్కింటావిడకి ఫోన్ చేసింది. "మిషను అడిగారు కదా వదినా. వచ్చి పట్టుకెళ్ళండి."

ఫోన్ పెట్టేసి అడిగింది, "ఆయన ఇల్లెక్కడండీ? ఒక్కసారి కనబడాలి."

"మా దగ్గరున్న అడ్రసులో ఇప్పుడాయన లేడమ్మా" అన్నాడు గుమాస్తా. "పోయినేడు మీ వార్డులోనే వాళ్ళావిడ పోయింది, ఆ ఇల్లమ్మి మా బిల్లంతా కట్టి వెళ్ళాడు, ఆ తర్వాత ఆవిడ చీరలు సర్దుతుంటే అడుగున, ఇదిగో, ఇలాంటివే సంచీ నిండా దొరికాయట."