తవ్వని జాతి

"కుక్క తవ్వకూడదు."

కాగితం మీద మొదటి షరతు అదే.

కుక్కల మాస్టారు కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాడు. ముప్పై ఏళ్లుగా కుక్కపిల్లల్ని పెంచి అమ్ముతున్నాడు. మొరగకూడదన్నవాళ్లను చూశాడు. బొచ్చు రాలకూడదన్నవాళ్లను చూశాడు. తవ్వకూడదన్నవాళ్లు ఇంతవరకూ తగల్లేదు.

రెండో షరతు: కుక్కకు వాసన పట్టే గుణం తక్కువుండాలి. మూడోది: వీధి కుక్కల్ని తోటలో అడుగు పెట్టనివ్వకూడదు.

రాత కూడా వింతగానే ఉంది. 'కుక్క' అని ఉన్న ప్రతిచోటా కింది క వత్తు కొస తోకలా పైకి మెలితిరిగి ఉంది.

"ఎవరు రాశారమ్మా ఇది?"

"మావారు" అంది ఎదురుగా కూర్చున్న ఆవిడ. ముప్పై ఐదేళ్లుంటాయి. మణికట్టు మీద వరసగా మూడు కాలిన మచ్చలు. మాస్టారు చూడగానే చెయ్యి బల్ల కిందికి తీసేసుకుంది.

"కుక్క అనే మాటకే తోక పెట్టేశారు. సరదా మనిషే."

ఆవిడ నవ్వలేదు.

"ఆయన్ని కూడా తీసుకురావాల్సింది."

"ఆయన రారండీ. నెల్లాళ్లుగా ఇల్లు కదలట్లేదు. పగలూ రాత్రీ ఆ తోటలోనే. గులాబీ మడి జోలికి ఎవరూ వెళ్లకూడదు. వీధి కుక్కలు గోడ దూకి వచ్చి గోకుతుంటే నా ప్రాణం మీదకొస్తోంది."

మనిషికి దేనికి భయమో చెబితే ఏ జాతి కుక్క కావాలో చెబుతాననేది మాస్టారు తరచూ అనే మాట. దొంగల భయం ఉన్నవాడు డాబర్‌మాన్ అడుగుతాడు. ఒంటరితనం భయం ఉన్నవాడు లాబ్రడార్‌ని ఎత్తుకెళతాడు. పక్కింటివాళ్ల ముందు తీసిపోతానేమోనన్న భయం ఉన్నవాడికి మండుటెండల్లో కూడా మంచుదేశపు హస్కీనే కావాలి.

మరి కుక్క తవ్వుతుందని భయపడేవాడు దేనికి భయపడుతున్నట్టు?

మాస్టారు గొంతు మామూలుగానే ఉంచాడు. "బీగిల్ వద్దు, దాని ముక్కెప్పుడూ నేలమీదే. పగ్‌కి ముక్కు అంతంతమాత్రమే కానీ, వీధి కుక్క కనబడితే వచ్చి మీ వెనకే దాక్కుంటుంది. బుల్ మాస్టిఫ్ అయితే సరి, తవ్వే రకం కాదు, ఆ ఆకారం చూస్తేనే వీధి కుక్కలు దగ్గరికి రావు. కాకపోతే ఇల్లు చూడందే నేను కుక్కనివ్వనమ్మా. చూశాక, ఏ పనికి తీసుకుంటున్నారో మీ చేత్తోనే రిజిస్టరులో రాయాలి. అది నా పద్ధతి."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "రేపు మధ్యాహ్నం రండి. మీరొక్కరే. ఎక్కువమంది వస్తే ఆయనకు పడదు."

మాస్టారు రిజిస్టరు పట్టుకుని ఒక్కడే వెళ్లాడు. ఒక్కడే అంటే, వెంట అత్తగారు కూడా ఉంది. అత్తగారంటే ఆయన పెంచుకుంటున్న డాష్‌హండ్. ఏ ఇంటికెళ్లినా మూల మూలా మూతి పెట్టి వాసన చూడందే ఊరుకోదని ఆ పేరు పెట్టాడు. బొరియలు తవ్వడానికే పుట్టిన జాతి.

గుమ్మం దగ్గర మగవాళ్ల బూట్లు. పాలిష్ చేసి ఉన్నాయి.

"మీవారు?"

"పడుకున్నారు" అంది ఆవిడ, గొంతు తగ్గించి. "ఇప్పట్లో లేవరు."

మూసి ఉన్న గది తలుపు వంక చూస్తూ మాస్టారు పెరట్లోకి నడిచాడు. గులాబీ మడి కొత్తది. మొక్కలింకా వేళ్లు పట్టినట్టు లేదు. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు.

అత్తగారు గొలుసు లాగింది. మడి అంచున మూతి పెట్టింది. రెండు కాళ్లతో పరపరా మట్టి ఎగజిమ్మి, తలెత్తి సన్నగా ఏడవడం మొదలెట్టింది.

"దాన్ని పట్టుకోండి" అంది ఆవిడ. మొహం పాలిపోయింది.

మాస్టారు కుక్కను చంకనెత్తుకుని లోపలికి వచ్చాడు. బల్ల మీద కాఫీ ఉంది. ఆయన ముట్టుకోలేదు. గది తలుపు వంక ఒక కన్నేసి ఉంచి గుసగుసగా అన్నాడు.

"అమ్మా, నా కూతురివనుకుని చెబుతున్నా. ఆ మట్టి కింద ఎవరో ఉన్నారు. ఇది అలా ఏడ్చిందంటే తప్పు పోదు. నీ చేతి మీది మచ్చలు నిన్ననే చూశాను. రేపు నీ గతీ అంతే. ఆయన లేచేలోగా నాతో వచ్చెయ్. తిన్నగా పోలీస్ స్టేషనుకే పోదాం."

ఆవిడ కాఫీ కప్పు ఆయన ముందుకు జరిపింది.

"ఈ సంగతి ఇంకెవరితోనైనా అన్నారా మాస్టారూ?"

"ఎవరితో అంటానమ్మా? నేనిక్కడికి వచ్చినట్టు కూడా ఎవరికీ తెలీదు."

ఆవిడ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నెల్లాళ్లయింది, నా బాగు గురించి ఒకరు మాట్లాడి. రెండు బట్టలు సర్దుకొస్తాను. మీ రిజిస్టరు ఇటివ్వండి, ఆయన లేచి చూసినా కుక్క బేరమే అనుకోవాలి. మీరు కాఫీ తాగుతూ ఉండండి, చల్లారిపోతోంది."

గబగబా రాసేసి, పుస్తకం మూసి, లోపలికి వెళ్లింది.

పాపం పిచ్చిపిల్ల అనుకున్నాడు మాస్టారు. భయానికి నోరు ఎండిపోయి ఉందేమో, కాఫీ రెండు గుక్కల్లో తాగేశాడు. చేదు కాస్త ఎక్కువైంది. వీధి తలుపు గడియ పడ్డ చప్పుడైంది. గాలికేమో.

చంకలో అత్తగారు గుర్రుమంది.

ఊరికే కూర్చోలేక రిజిస్టరు తెరిచాడు.

ఆవిడ ఇప్పుడే రాసిన 'కాపలా కుక్క'లో, క వత్తు కొస తోకలా పైకి మెలితిరిగి ఉంది.