తెచ్చిన చేతికే

"పాపని తీసుకెళ్ళడానికి వచ్చాను," అన్నాడు ఇస్త్రీ చొక్కా మనిషి.

కోర్టు మెట్ల కింద పిల్లల గది అది. తలుపు నడుం ఎత్తు వరకే ఉంటుంది, గడియ లోపలివైపు. అతను ఆ తలుపు మీద మోచేతులు ఆనించి, ఫోన్‌లో ఒక ఫొటో చూసుకుంటూ, లోపల ఆడుకుంటున్న పిల్లల మొహాలు వెతికాడు. గళ్ళగౌను పిల్ల దగ్గర చూపు ఆగింది.

"అదిగో, అదే. నేను దాని బాబాయిని."

తడిచీర మీద నీలం ఏప్రన్ కట్టుకున్న ఆవిడ తలుపు దగ్గరికి వచ్చింది. గొంతు మామూలుగానే ఉంచుకుంది. పక్కనున్న ముసలావిడ వైపు ఒక్క చూపు చూసింది. ముసలావిడ ఫ్లాస్కు అందుకుని, "పాలు పట్టుకొస్తా," అంటూ అతన్ని రాసుకుంటూ బయటికి పోయింది.

"ఇక్కడో పద్ధతుందండీ. తెచ్చిన చేతికే పిల్ల. వాళ్ళమ్మ రావాలి."

"ఆవిడే పంపింది ఆయమ్మా! మా వదిన కేసు ఇప్పట్లో తెమలదు. పిల్లకి ఆకలేస్తుంది, ఇంటికి తీసుకెళ్ళమంది."

"వదినగారే చెప్పారా?"

"ఒట్టు! ఇప్పుడే పైన ఆవిడతో మాట్లాడి వస్తున్నా."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇతను తడుముకోకుండా అతికిస్తున్నాడు. ఆవిడ గడియ మీద చెయ్యి తియ్యలేదు.

"ఎలాంటి మనిషండీ మీ వదిన?"

అతను గొంతు తగ్గించాడు. "చెప్పకూడదు గానీ, ఒట్టి గయ్యాళి. మా అన్నయ్యని రాచి రంపాన పెట్టింది. పిల్లంటే బొత్తిగా పట్టదు. చూడు, ఎలా ఎండిపోయిందో!"

ఎండిపోయిన పిల్ల బొద్దుగా, మూతికి పాలమీగడతో ఇటే చూస్తోంది. ఆవిడ పెదవి కొరుక్కుంది. ఏదో ఒకటి మాట్లాడుతూ అతన్ని అక్కడే ఆపాలి.

"ఈ గది ఊరికే రాలేదండీ. ఒకప్పుడు పిల్లలు వరండా బెంచీల మీదే కూర్చునేవాళ్ళట. ఒకావిడ బోనెక్కి సాక్ష్యం చెబుతుంటే, మావయ్యనంటూ ఎవడో బిస్కెట్టు చూపించి ఆవిడ కొడుకుని ఎత్తుకుపోయాడట. ఆ తల్లి బయటికొచ్చేసరికి బెంచీ కింద పిల్లాడి చెప్పులే ఉన్నాయట. వరండా ఊడ్చే ఆయమ్మ అది చూసి తట్టుకోలేక, పాత కాగితాల గది ఖాళీ చేసి ఇక్కడ చాప పరిచిందట. కోర్టు పెద్దలు కేకలేసినా కదల్లేదట. ఆఖరికి వాళ్ళే పిల్లల గది, ఉచితం అని బోర్డు కట్టారట."

"నీ అటలూ ఇటలూ నాకెందుకు? నన్ను దొంగని చేస్తున్నావా? తియ్ తలుపు!"

లోపలికి చెయ్యి పెట్టి గడియ తడిమాడు. ఆవిడ రెండు చేతులతో అదిమి పట్టింది. అతను ఆ వేళ్ళు మెలిపెట్టాడు. పిల్లలు ఆట ఆపేశారు. గడియ ఊడిపోయింది.

గళ్ళగౌను పిల్ల పరుగెత్తుకొచ్చి ఏప్రన్ అంచు పట్టుకుంది. "అమ్మా! ఈ అంకుల్ ఎవరమ్మా?"

అతను పగలబడి నవ్వాడు. "చూశావా మా వదిన పెంపకం! కనబడ్డ ఆయానల్లా అమ్మా అంటోంది."

"ఇక్కడి పిల్లలంతా అలాగే అంటారండీ," అందావిడ. పిల్లని వెనక్కి నెట్టి అడ్డంగా నిలబడింది. చావనైనా చస్తుంది గానీ కదిలేలా లేదు.

అతను లోపలికి అడుగు వేశాడు. రెండో అడుగు పడకముందే కానిస్టేబుల్ చెయ్యి అతని భుజం మీద పడింది. పక్కనే ఆయాసపడుతూ ముసలావిడ నిలబడి ఉంది, చేతిలో ఖాళీ ఫ్లాస్కుతో.

"నీ కూతురు పాలు ఒలకబోసిన చీర ఈపాటికి ఆరే ఉంటుంది, ఇంక నా ఏప్రన్ నాకిచ్చేసి పైకి పరుగెత్తు తల్లీ," అంది ముసలావిడ, "నీ కేసు పిలుస్తున్నారు."