బూడిద కళ్లద్దాలు

కాకినాడలో, ఎవరో వదిలేసిన కుందేళ్లను పెంపకానికిచ్చే శరణాలయానికి వరహాలమ్మ వెళ్లేసరికి, గుమ్మంలోనే ప్రణీత అనే ఉద్యోగిని ఆవిడ చేతిలో బూడిద కళ్లద్దాలు పెట్టింది. అవి పెట్టుకుంటే లోకమంతా ఒకే బూడిద రంగులో కనపడుతుంది. ఉద్యోగాల ఇంటర్వ్యూలకూ పెళ్లిచూపులకూ అవి తప్పనిసరై పాతికేళ్లయింది. అందరూ తెల్ల కుందేళ్లనే ఎగరేసుకుపోతున్నారని ఈమధ్యే ఇక్కడికీ వచ్చాయి.

వరహాలమ్మ వాటిని పెట్టుకుని బోనులన్నీ ఒకసారి చూసింది. ఆనక తీసేసి పవిటచెంగున ముడేసుకుంది.

"మామ్మగారూ, తీయకూడదండి! రంగు చూసి ఎంచుకుంటే ఇవ్వరండి," అంది ప్రణీత కంగారుగా.

"రంగు చూడ్డానికే వచ్చానమ్మా." వరహాలమ్మ మూలనున్న బోను ముందు చతికిలబడింది. అందులో కాటుకలాంటి కుందేలొకటి చెవులు నిక్కించి ఆవిడనే చూస్తోంది. "ఇదిగో, ఇదే కావాలి. నల్లగా ఉందనే కావాలి. అలాగే రాసుకో."

"అలా రాస్తే మీ పేరు కొట్టేస్తారండి."

"కొట్టెయ్యనీ! ఈ అద్దాలు రాకముందు ఏడు పెళ్లిచూపుల్లో నా రంగు చూసి లేచెళ్లిపోయారు. ఇప్పుడా రంగే ఎవరికీ కనపడకుండా చేసి, న్యాయం చేశామంటున్నారు. నల్లదాన్ని నల్లగా ఉందనే కోరుకునేవాళ్లు ఒక్కరైనా ఉండాలా, వద్దా?"

ప్రణీత తనూ పెట్టుకున్న బూడిద కళ్లద్దాలు తీసి, కుందేలునీ ఆవిడనీ మార్చి మార్చి చూసింది. దరఖాస్తులో ఎంచుకున్న కారణం అన్నచోట 'నల్లగా ఉంది కనక' అని రాసి, బోను గడియ తీసింది.