గాలికి చెప్పిన మాటలు

ఆయనలో లోపం ఒక్కటే. ఏనాడూ తప్పు చేయడు.

ఆయన కలిపిన కాఫీ చేదుగా ఉంటే తాగినవాళ్ళ నాలుకది తప్పు. రైలు తప్పిపోతే రైలే తొందరపడింది. రోడ్లు వేయించి రిటైరైన ఇంజనీరు కాబట్టి, దారి తప్పినా రోడ్డునే అనుమానిస్తాడు. ఆవిడేమో రిటైరైన లెక్కల టీచరు. ఎదురుగా తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదు. ఈ ఇద్దరూ పరాయి దేశంలో కారు అద్దెకు తీసుకుని, పొద్దున గోల్ఫ్ ఆడుతూ మధ్యాహ్నం కొండలూ జలపాతాలూ చూస్తూ తిరగాలన్నది ఎవరి ఆలోచనో ఇప్పుడు ఇద్దరూ చెప్పరు.

ఆ పొద్దున ఆయన కొట్టిన బంతి పొదల్లో పడింది. వంగాడు, వెతికాడు, "దొరికింది" అన్నాడు.

"అది మీ జేబులోది," అంది ఆవిడ.

"కళ్ళజోడు తుడుచుకో."

"మన బంతికి నేను ఎర్ర చుక్క పెట్టాను. దీనికి లేదు."

"గడ్డికి రాసుకుని పోయుంటుంది."

"గడ్డికి రాసుకుంటే పాత బంతి కొత్తది కూడా అవుతుందా?"

ఆయన ఆ బంతినే కొట్టుకుంటూ పోయి గుంటలో వేశాడు. ఆవిడ నోటికి తాళం వేసింది.

వాళ్ళ అలకలకి ఓ పద్ధతుంది. ఆవిడ కారులో వెనక సీటుకి మారి శాలువా ముసుగు పెట్టుకుంటుంది. ముందు పలకరించినవాళ్ళు ఓడినట్టు. వెనక్కి తిరిగి చూసినా ఓడినట్టే. గాలికి చెప్పే మాటలు మాత్రం లెక్కలోకి రావు. ఆ రోజూ అంతే. డిక్కీలో పట్టని గోల్ఫ్ సంచీని పక్కకి నెట్టి ఆవిడ వెనక సర్దుకుంది.

హోటల్ గది ఖాళీ చేసేటప్పుడే రిసెప్షన్‌లో అమ్మాయి హెచ్చరించింది. ఘాట్ రోడ్డు మీద టూరిస్టుల్ని ఆపి దోచుకుంటున్నారట. ఎవరు చెయ్యెత్తినా ఆపొద్దంది.

కొండ కింద పెట్రోలు బంకులో ఆయనకి ఆ మాట గుర్తొచ్చింది. టైర్లకి గాలి కొట్టే చోట బూడిదరంగు వ్యాను ఆగి ఉంది. దానికి ఆనుకుని, మెడ నిండా పచ్చబొట్లున్న మనిషి ఒకడు వీళ్ళ కారునే చూస్తున్నాడు. ఆయన లోపల డబ్బు కట్టి గబగబా వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. వెనక తలుపు ధడాలున పడింది. అబ్బో, కోపం ఇంకా దిగలేదన్నమాట, అనుకుని కారు ముందుకి దూకించాడు.

ఘాట్ ఎక్కుతున్నకొద్దీ పొగమంచు చిక్కబడింది.

"ఎడమ చేతి పక్క లోయ చూడదగ్గదని గైడు పుస్తకంలో రాశారు," అన్నాడు గాలితో.

గాలి పలకలేదు.

ఓ మలుపు తిరిగాక అద్దంలో వ్యాను కనబడింది. లైట్లు ఆరుతున్నాయి, వెలుగుతున్నాయి.

ఫోను మోగింది. తెలియని నంబరు. ఈ దేశంలో తనని పిలిచేవాళ్ళు ఎవరున్నారు? కట్ చేశాడు. వెంటనే మళ్ళీ మోగింది. కారు అద్దెకిచ్చిన ఆఫీసులో తను రాసిచ్చిన నంబరు ఈ వ్యానువాళ్ళకెలా చేరింది? ఫోను ఆపేసి పక్క సీట్లో పడేశాడు.

వ్యాను ఇంకా దగ్గరికొచ్చింది. హారన్ ఆపడం లేదు. కిటికీలోంచి ఓ చెయ్యి బయటికొచ్చి, ఆగు ఆగు అన్నట్టు ఊగింది.

"కొందరు తల దించుకుని కూర్చుంటే మంచిది," అన్నాడు గాలికి.

అద్దంలో శాలువా కుప్ప కదల్లేదు. ప్రాణం మీదికొచ్చినా ఓడిపోదు. ఎంత మొండిఘటం, అనుకున్నాడు. మొదటిసారి ఆ మొండితనం మీద గౌరవం కలిగింది.

దారి రెండుగా చీలింది. పెద్ద రోడ్డు వదిలి చిన్నదాంట్లోకి తిప్పేశాడు. మలుపులో ఏదో బోర్డుంది. చదవలేదు. రోడ్లు వేసినవాడికి బోర్డులెందుకు?

ఆ రోడ్డు కంకర క్వారీ గేటు దగ్గర అయిపోయింది. గేటుకి తాళం. ఓ పక్క కొండ, ఓ పక్క లోయ. వ్యాను వచ్చి సరిగ్గా వెనకే ఆగింది.

ఆయన తలుపులు లాక్ చేశాడు. వ్యాను తలుపు తెరుచుకున్న చప్పుడైంది. పక్క అద్దంలో లైట్ల వెలుగు కళ్ళలో కొడుతోంది. ఆ వెలుగులోంచి ఓ నల్లటి ఆకారం కంకర తొక్కుకుంటూ వస్తోంది. ఆయన దాని మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

"విను," అన్నాడు. ఈసారి గాలికి కాదు. "వాళ్ళేం అడిగితే అది ఇచ్చేస్తాను. నువ్వు ముసుగు తియ్యకు. నన్ను కొట్టినా సరే, నోరెత్తకు."

కంకర చప్పుడు దగ్గరైంది.

"ఇంకో సంగతి. ఆ బంతి నా జేబులోదే. తప్పు నాదే. అదొక్కటే కాదు, ఇన్నేళ్ళలో చాలాసార్లు నాదే. తెలిసే ఒప్పుకోలేదు. ఒక్కసారి ఊఁ అను, చాలు."

వెనక నుంచి ఊఁ రాలేదు. ఆయన పక్క కిటికీ మీద వేళ్ళతో కొట్టిన చప్పుడు.

"ఆ మాటేదో అద్దం దించి మళ్ళీ చెప్పండి, బయటికి సరిగ్గా వినబడలేదు," అంది ఆయన భార్య.