కాకికి సున్నా మార్కులు

“మళ్లీ కాకులేనా!” సర్వే ఆఫీసరు నోట్‌బుక్‌లో ఇంకో పేజీ తిప్పాడు. “ఇక్కడ గద్దలు. ఇక్కడ కుక్కలు. ఇదిగో, ఉడుము! ఇదేం లెక్కమ్మా?”

కరకట్ట మీద పక్కనే నిలబడ్డ దర్జీ ఆవిడ ఏటి వైపే చూస్తోంది. ఎగువ ఊరి నుంచి వచ్చి ఇక్కడ గది అద్దెకు తీసుకుని రెండేళ్లయింది. పొద్దున్నే కుట్టుమిషన్ మూసేసి, బైనాక్యులర్స్ మెడలో వేసుకుని ఏటికి పరిగెత్తే మనిషిని ‘పక్షులమ్మ’ అనక ఇంకేమంటారు?

ఏటి మధ్య మట్టిదిబ్బను రేపు తవ్వేస్తారు. రెండేళ్ల కిందటి వరద తెచ్చి పోసింది దాన్ని. తీయకపోతే ఈసారి నీళ్లు ఇళ్లలోకే వస్తాయట. తవ్వొద్దని అర్జీ పెట్టింది ఈవిడ ఒక్కతే. కాపాడాల్సిన పక్షులుంటే పని ఆగుతుంది, లేకపోతే లేదు. అది తేల్చడానికే ఆఫీసరు వచ్చాడు. తేల్చడానికేముంది, చేతిలో ఫారం ఉంది, పక్షికిన్ని మార్కులు. కాకికీ గద్దకూ సున్నా.

“వరద తగ్గిన మర్నాటి నుంచి ఒక్క రోజు మానలేదే! జీతం తీసుకునే నేనే ఇంత రాయను,” నవ్వాడాయన. “ఎక్కడెక్కడ వాలాయో బొమ్మ కూడా గీశారు. మరి లకుముకి పిట్టలేవి? అదిగో, ఆ వల ఆరేసే ఆయన తల మీంచే పోయింది!”

“రోజూ చూస్తానండీ. నాకు అక్కర్లేదు.”

“బాగుంది! కాకులంటే అంత ప్రేమా?”

“అవి ఎక్కడ దిగితే అక్కడికి పడవ మాట్లాడుకుని వెళ్తాను. పడవాయన తిట్టుకుంటాడు పాపం.”

తిట్టుకోడూ మరి! ఆఫీసరుకూ జాలేసింది, కానీ ఫారం జాలి పడదు కదా. మార్కులు కూడి, ‘తవ్వుకోవచ్చు’ అని సంతకం గీకేశాడు.

“నాలుగు లకుముకి పిట్టలు రాసుంటే నెగ్గేవారమ్మా! చేజేతులా పోగొట్టుకున్నారు.”

పక్షులమ్మ కట్ట మీదే కూలబడింది.

“ముందు అసలు కారణమే రాశాను సార్. వరదప్పటి ఫైళ్లన్నీ మూసేశామన్నారు. పక్షులని రాస్తే కదులుతుందని గుమాస్తా చెప్పాడు.”

ఆఫీసరు వింటేగా! ఫారం సంచిలో సర్దుకుంటున్నాడు. కింద నీళ్లలో ఎవరో లారీ కడుగుతూ ఈల వేస్తున్నారు.

“పోనీ ఒక్క మాట చెప్పండి సార్. యంత్రం నడిపే ఆయన్ని మట్టి మెల్లగా తియ్యమనండి. నన్ను పక్కన నిలబడనివ్వమనండి.”

“గుడ్లు చితికిపోతాయనా?”

ఆవిడ చేతిసంచిలోంచి చిన్న గుడ్డమూట తీసి విప్పింది. అందులో అరచేతిలో పట్టేంత ఎర్ర చెప్పు, ఒక్కటే.

“రెండోది మా పాప కాలికే ఉంది సార్.”