మూడు ముక్కల బిస్కెట్టు

మళ్ళీ రెండే ముక్కలు.

తూవా పెదవి బిగించి ఇంకో అల్లం బిస్కెట్టు అరచేతిలో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని మనసులో ఏదో అనుకుంది. వేలి కణుపుతో మధ్యలో నొక్కింది.

నాలుగు.

“చాల్లేవే! ఇలా విరుచుకుంటూ పోతే మనం కట్టే బిస్కెట్ల బొమ్మరింటికి కప్పు మిగులుతుందా?” అంది అమ్మమ్మ ఇంగెలా, అప్పడాల కర్ర ఆపకుండానే.

సరిగ్గా మూడు ముక్కలైతే కోరిక తీరుతుంది. క్రిస్మస్ వచ్చిందంటే ఈ సుండ్స్‌వాల్‌లోనే కాదు, స్వీడన్ అంతటా పిల్లలు ఆడే ఆటే ఇది. మిగతా పిల్లలు నవ్వుతూ ఆడతారు. ఎనిమిదేళ్ళ తూవా మాత్రం పరీక్ష రాస్తున్నట్టు ఆడుతోంది.

ఇంగెలా నిన్ననే రైలు దిగింది. కూతురు మాలిన్ మొగుణ్ణి వదిలేసి, పిల్లని తీసుకుని ఈ ఊరొచ్చి నాలుగు నెలలైంది. ఎందుకు వదిలేశావే అంటే, “కుదరలేదమ్మా” అంటుంది. ఆ మాత్రం దానికి ఊరు వదిలి పోతారా ఎవరైనా? అల్లుడు యోనాస్ ఎంత మర్యాదస్తుడు! అత్తగారింటికి ఎప్పుడొచ్చినా, అడక్కుండానే గుమ్మం ముందు మంచు తవ్విపెట్టేవాడు. అలాంటివాడు ఎక్కడ దొరుకుతాడు?

ఈ కొత్త కాపురం చూస్తే ఇంగెలాకి ఒళ్ళు మండిపోయింది. తలుపు మీద ఇంకా పాత అద్దెవాళ్ళ పేరే ఉంది. వీధి పొడుగునా కిటికీల్లో కాగితపు నక్షత్రాలు వెలుగుతుంటే, వీళ్ళ కిటికీకి మందపాటి తెర. “పండగ పూట పీనుగ లేచిన ఇల్లులా ఏమిటే ఈ చీకటి?” అని నిన్న రాగానే దులిపేసింది. మాలిన్ తెర అంచులు ఇంకాస్త దగ్గరికి లాగింది. ఇవాళ పొద్దున్నే డ్యూటీకి పోయింది. ఆరింటికి గానీ రాదు.

“బిస్కెట్టు గోడ గట్టిగా పట్టుకో. పాకం చల్లారేలోపే అతకాలి. వేలు తగిలిందో, చుర్రుమంటుంది.”

“తలుపు కూడా అతికించెయ్, అమ్మమ్మా.”

“తలుపు ఓరగా తెరిచి పెట్టాలే, పిచ్చి మొహమా! మనుషులు లోపలికెలా వస్తారు?”

“చలేస్తుంది.”

తూవా గరిటె లాక్కుని తలుపు చుట్టూ పాకం పోసేసింది. అంతా బల్ల మీదికి కారింది.

“అబ్బో, బయల్దేరింది పెద్ద మేస్త్రీ! అచ్చం మీ అమ్మ మొండితనమే,” అని ఇంగెలా నవ్వింది. తర్వాత మెల్లగా అడిగింది. “అవునూ, అంతలా ఏం కోరుకుంటున్నావే?”

“చెప్తే జరగదు.”

“కుక్కపిల్లా?”

“కాదు.”

“మంచు మీద జారే బూట్లా?”

“అబ్బా, కాదు!”

“మరి... మీ నాన్న గురించా?”

తూవా చేతులు ఆగిపోయాయి. అవునన్నట్టు తలూపింది.

పెద్దవాళ్ళ పంతాలకి పసిపిల్ల ఎంత నలిగిపోతోంది! ఇంగెలా నోటిదాకా వచ్చిన మాటని బలవంతాన మింగింది. పొద్దున మాలిన్ గుమ్మం దాటగానే ఆవిడ చేసిన మొదటి పని యోనాస్‌కి ఫోన్ చెయ్యడమే.

“పండక్కి పెళ్ళాంబిడ్డల దగ్గర లేకపోతే ఎలాగయ్యా?” అని కోప్పడి, అడ్రసు రాసుకోమంది. అవతల యోనాస్ ఏడ్చాడు. “మీ మేలు మర్చిపోను అత్తయ్యా, ఇప్పుడే బయల్దేరతాను,” అన్నాడు. మాలిన్ వచ్చి గయ్యిమంటుంది. అననీ. పిల్ల మొహంలో వెలుగు చూస్తే కోపం అదే దిగుతుంది.

ఇక మిగిలింది ఒకటే పని. తూవా చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే ఇంగెలా చివరి పిండిముద్దని గుండ్రంగా ఒత్తింది. తిరగేసి, చాకుతో నడిమి నుంచి అంచులకి మూడు గాట్లు పెట్టింది. మళ్ళీ తిప్పి పొయ్యిలో పెట్టింది. దేవుడు ఈ మాత్రం మోసం క్షమిస్తాడు.

బిస్కెట్టు చల్లారాక పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. “ఇదే ఆఖరుది. బాగా కోరుకుని నొక్కు.”

తూవా కళ్ళు గట్టిగా మూసుకుంది. పెదవులు కదిలాయి. టప్పుమంది.

ఒకటి. రెండు. మూడు.

నమ్మలేక వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టింది. ఒక్క ఉదుటున వచ్చి అమ్మమ్మ నడుము వాటేసుకుంది. నిన్నటి నుంచి ఆ పిల్ల నవ్వడం ఇదే మొదలు.

“ఇంక అమ్మ ఏడవదు, అమ్మమ్మా!”

“ఏడవదు నా తల్లే. ఎందుకేడుస్తుంది?”

తూవా పరుగెత్తికెళ్ళి కిటికీ తెర పక్కకి లాగేసింది. మూడింటికే చీకటి పడిపోయింది. అట్టపెట్టెలోంచి ఎర్ర నక్షత్రం తీసి, అమ్మమ్మ సాయంతో కిటికీలో వేలాడదీసి, దీపం వేసింది. ఇద్దరూ కాసేపు దాని ముందే నిలబడ్డారు. ఇల్లు ఇప్పుడు ఇల్లులా ఉంది అనుకుంది ఇంగెలా.

కింద కారు ఆగిన చప్పుడైంది. మెట్ల మీద అడుగులు. గంట మోగింది.

“అమ్మ దగ్గర తాళంచెవి ఉందిగా?” అంది తూవా.

“అమ్మ కాదే, బంగారం. నీ కోరిక తీరింది. ఇప్పుడు చెప్పొచ్చులే, ఏం కోరుకున్నావ్?” అంటూ ఇంగెలా గొళ్ళెం తీసింది.

“మేమెక్కడున్నామో నాన్నకి ఎప్పటికీ తెలియకూడదని.”